సొమ్మొకరిది, సోకొకరిది: స్ట్రాబెర్రీ జన్యుపటం చెబుతున్న పాఠం

స్ట్రాబెర్రీ మన రైతుల పంట కాదు కదా, రైతు సమస్యల శీర్షికలో దాని గురించి రాయటమెందుకని పాఠకులు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. వరి, పత్తి, మిరప, వేరుశనగ రైతుల గోడే చెప్పుకుంటే తీరనంత వుండగా, పట్నాల్లో పెద్దింటి బల్లల మీదికి పోయే ఎర్రపండు వూసు మనకెందుకు? కాని ఈ చిన్నపండు కథలో మన రైతాంగానికి నేరుగా సంబంధించిన పెద్ద విషయం ఒకటి వుంది. విత్తనం ఎవరిది? దానిలోని గుణం ఎవరిది? ఆ గుణాన్ని చదివి చెప్పే విజ్ఞానం ఎవరి కోసం పనిచేయాలి? ఈ ప్రశ్నలు పత్తి రైతుకు ఇప్పటికే ఎదురయ్యాయి. రేపు వరికీ, కందికీ ఎదురుకాబోతున్నాయి. స్ట్రాబెర్రీ విషయంలో మాత్రం అవి దాపరికం లేకుండా కనిపిస్తున్నాయి.

పైగా ఇది మనకు పూర్తిగా పరాయి పంట కూడా కాదు. మహారాష్ట్ర సతారా జిల్లాలోని మహాబలేశ్వర్, పంచగని, వాయి ప్రాంతాల రైతులు దేశంలో పండే స్ట్రాబెర్రీలో అధికభాగం పండిస్తున్నారు. 2010లో మహాబలేశ్వర్ పండుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మహారాష్ట్ర నుంచి మొక్కలు తెచ్చి మన అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి చలి ప్రాంతంలో కొందరు రైతులు ఈ పంట వేస్తున్నారు. అయితే మహాబలేశ్వర్ రైతు నాటే మొక్కకు మూలం మహాబలేశ్వర్‌లో లేదు. తల్లి మొక్కలు విదేశీ నర్సరీల నుంచి దిగుమతి అవుతాయి. ‘కామరోసా’ కాలిఫోర్నియాలో పుట్టింది. ‘స్వీట్ చార్లీ’, ‘వింటర్ డాన్’ ఫ్లోరిడాలో పుట్టాయి. వానాకాలంలో వాటి తీగల నుంచి పిల్లమొక్కలు తీసి, వానలు తగ్గుముఖం పట్టగానే చేలో నాటుతారు. గుర్తింపు మన కొండకు, పెత్తనం పరాయి నర్సరీకి! ఈ తిరకాసు ఎక్కడ మొదలైందో తెలియాలంటే మూడు వందల ఏళ్లు వెనక్కి పోవాలి.

చిలీ రైతులు పెంచిన పండు

ఈనాడు ప్రపంచమంతటా అంగళ్లలో అమ్మే పెద్ద స్ట్రాబెర్రీ అడవిలో దానంతటది పుట్టింది కాదు. దక్షిణ అమెరికాలోని చిలీ జాతికీ, ఉత్తర అమెరికాలోని వర్జీనియా జాతికీ పుట్టిన సంకరమది. చిలీలో మపూచే ప్రజలు, స్పెయిన్ దండు అక్కడ కాలు పెట్టకముందు నుంచే ఈ పంట సాగుచేస్తున్నారు. పెద్దపండు కాసిన మొక్కను ఏరుకుని, దాని తీగ పాతుకుని, తరతరాలుగా కాయ సైజు పెంచుకుంటూ వచ్చారు. వారిని శాస్త్రజ్ఞులని ఎవరూ పిలవలేదు. కాని వారు చేసింది మొక్కల ప్రజననమే.

1712లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ తన సైనిక ఇంజనీరు అమెదే ఫ్రాన్సువా ఫ్రెజియేను ఆ తీరానికి పంపాడు. పైకి వర్తకుడి వేషం, లోపల స్పెయిన్ కోటల గుట్టు లాగే గూఢచారి పని. ఆ పెద్దమనిషి 1714లో తిరిగి వస్తూ చిలీ స్ట్రాబెర్రీ మొక్కలు కూడా తెచ్చాడు. ఓడలో మంచినీళ్లు కరువైన సుదీర్ఘ ప్రయాణంలో ఐదు మొక్కలు బతికి ఒడ్డుకు చేరాయి. అవి ఫ్రెంచి తోటల్లో పూశాయి గాని కాయలేదు. కారణమేమంటే తెచ్చినవన్నీ ఆడమొక్కలే. చివరికి బ్రిటనీ తీరంలో బ్రెస్ట్, ప్లుగాస్తెల్ ప్రాంతాల సాగుదార్లు, వర్జీనియా జాతిని పక్కన నాటితే ఇవి కాస్తాయని అనుభవం మీద తెలుసుకున్నారు. 1766లో ఆంత్వాన్ నికొలా దుషేన్ అనే ఇరవై ఏళ్లయినా నిండని యువకుడు, కొత్తపండు ఈ రెండు జాతుల సంకరమని తన గ్రంథంలో తేల్చి చెప్పాడు.

చరిత్రలో ఫ్రెజియే పేరు నిలిచింది, దుషేన్ పేరు నిలిచింది. పండును ఆ సైజుకు తెచ్చిన మపూచే రైతుల్లో ఒక్కరి పేరూ నిలవలేదు. పేరు సంగతి అలా వుంచండి, భూమైనా నిలిచిందా అంటే అదీ లేదు. 1861 నుంచి 1883 వరకు చిలీ సైన్యం వారి గడ్డను ఆక్రమించింది. అయినా చిలీ దక్షిణాదిన పురేన్ వంటి చోట్ల చిన్నరైతులు ఆ పాత తెల్ల స్ట్రాబెర్రీని నేటికీ సాగుచేస్తూనే వున్నారు.

అడంగల్ వంటిదే జన్యు చిట్టా

ఇక విజ్ఞానం సంగతికి వద్దాం. మొక్క ప్రతి కణంలోనూ దాని గుణగణాల చిట్టా వుంటుంది. నాలుగే అక్షరాలతో రాసిన మహాగ్రంథమది. అడవి స్ట్రాబెర్రీ గ్రంథాన్ని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం 2011లో ప్రచురించింది. దాని నిడివి సుమారు 24 కోట్ల అక్షరాలు. అయితే అక్షరాలు వరుసగా రాసి పెట్టినంత మాత్రాన అర్థం బోధపడదు. ఎక్కడ ఏ జన్యువు మొదలై ఎక్కడ ముగుస్తుంది, అది ఏం పని చేస్తుంది అన్నది గుర్తించి రాయాలి. దీన్నే శాస్త్రజ్ఞులు యానొటేషన్ అంటారు.

మన వూరి భాషలో చెప్పాలంటే, అక్షరాల వరుస తేల్చటం వూరిని సర్వే చేయటం లాంటిది. రాళ్లు పాతారు, కొలతలు వేశారు, నెంబర్లిచ్చారు. కాని ఏ నెంబరు మాగాణి, ఏది మెట్ట, ఏది పోరంబోకు, ఏ కాలవ నీరు ఎటు పారుతుంది, సాగులో వున్నదెవరు? ఇదంతా అడంగల్‌కు ఎక్కాలి. తెలంగాణలో పహాణీ అంటారు. యానొటేషన్ అంటే మొక్క తాలూకు అడంగల్ అన్నమాట. పోరంబోకు అని కొట్టిపారేసిన జాగాలో కూడా, పక్క జన్యువు ఎప్పుడు పనిచేయాలో ఎప్పుడు మానాలో నిర్ణయించే తూములు దొరుకుతున్నాయి. వూరి పోరంబోకులో మేత, చెరువు, కల్లం వున్నట్టే.

అడంగల్‌లో తప్పులు పడటం మన రైతుకు కొత్త కాదు. శాస్త్రజ్ఞుల చిట్టా కూడా అంతే. 2011లో అడవి స్ట్రాబెర్రీకి 34,809 జన్యువులని రాశారు. కొత్తరకం యంత్రాలతో మళ్లీ సర్వే చేసి 2018లో అచ్చువేసిన చిట్టాలో అవి 28,588కి తగ్గాయి. మొక్క ఏ భాగంలో ఏ జన్యువు నిజంగా పనిచేస్తున్నదో చూసి 2019లో సరిదిద్దితే 34,007 తేలాయి. మొక్క మారలేదు. చదువు మారింది. ఇందులో ఎగతాళి చేయవలసిందేమీ లేదు. తప్పును దాచకుండా, కారణం చెప్పి, అందరి ముందూ దిద్దుకోవటమే విజ్ఞానం. మన రెవిన్యూ కచేరీలకు ఆ గుణమే వుంటే ఎన్ని కుటుంబాలకు కోర్టుల చుట్టూ తిరిగే పని తప్పేదో!

కాని చిట్టాలోకి ఎక్కని జన్యువు గతి, అడంగల్‌లోకి ఎక్కని కౌలురైతు గతే. వున్నా లేనట్టే లెక్క. దానికోసం ఎవరూ వెతకరు. అందుకే ఈ పని గుమాస్తా పనిలా కనిపించినా చాలా కీలకమైనది.

ఎనిమిది వాటాల ఉమ్మడి కుటుంబం

అడవి స్ట్రాబెర్రీ సంగతే ఇలా వుంటే చేలో పండే స్ట్రాబెర్రీది మరీ చిక్కు వ్యవహారం. అడవి మొక్కలో ఏడేసి క్రోమోజోముల జట్లు రెండే. సాగు మొక్కలో అలాంటివి ఎనిమిది, మొత్తం 56 క్రోమోజోములు. ఎనిమిది వాటాల ఉమ్మడి కుటుంబంలో తాత పేరే మనవలందరికీ పెట్టినట్టు, ఒకే జన్యువు కొద్దికొద్ది తేడాలతో పలుచోట్ల వుంటుంది. ఎవరు సంపాదిస్తున్నారు, ఎవరు కూర్చుని తింటున్నారు అన్నది తేల్చటమే కష్టం. 2019లో ‘కామరోసా’ రకం జన్యుపటం అచ్చయింది. దాదాపు 80 కోట్ల అక్షరాలు, 1,08,087 జన్యువులు. మనిషికి వున్నవి సుమారు 20 వేలే! ఈ కుటుంబం మూలపురుషుల్లో ఒకటి అడవి స్ట్రాబెర్రీ, మరొకటి జపాన్ జాతి అని తేలింది. తక్కిన వాటాలు ఎవరివన్న దానిపై శాస్త్రజ్ఞుల మధ్య వాదం ఇంకా నడుస్తున్నది.

ఇంతా చేసి ఒక్క రకం పటం చదివితే జాతి మొత్తం చదివినట్టు కాదు. ఒక వూరి అడంగల్ చూసి తాలూకా అంతటి సంగతి చెప్పలేం కదా. అందుకే ఇప్పుడు వందలాది రకాలను, అడవి జాతులను పక్కపక్కన పెట్టి చదువుతున్నారు. దీనివల్ల తెలిసిన సంగతులు గమనార్హం. చిలీ పండు తెల్లగా, సాధారణ పండు ఎర్రగా ఎందుకుంటాయి? మిబ్ పది అనే ఒక జన్యువులోని తేడాలే ఈ రంగుల తేడాకు ముఖ్య కారణమని 2020లో తేలింది. మపూచే రైతులు కంటితో చూసి, నాలుకతో రుచి చూసి ఎంచుకున్న గుణానికి విజ్ఞానం ఇన్నాళ్లకు చిరునామా రాసింది.

ఇంకో సంగతి. ఏ నాలుగు మొక్కల నుంచో పుట్టిన పంట కనుక స్ట్రాబెర్రీలో వైవిధ్యం బహు తక్కువని చాలాకాలం అనుకున్నారు. 2021లో వెలువడిన పరిశోధన అది సరికాదని చూపింది. మూడు వందల ఏళ్లలో వేర్వేరు చోట్ల, వేర్వేరు సాగుదార్లు అడవి జాతులను మళ్లీ మళ్లీ కలుపుతూ వచ్చారు కనుక అనుకున్నదానికన్నా ఎక్కువ వైవిధ్యమే మిగిలింది. తగ్గిందెక్కడంటే, కాలిఫోర్నియా వంటి చోట్ల భారీ పరిశ్రమకు అనువుగా ఏరి ఏరి పెంచిన మొక్కల్లో. పదిమంది చేతుల్లో వున్నప్పుడు పెరిగినది, మార్కెట్ ఒక్కటే కొలబద్ద అయినప్పుడు తరిగిందన్నమాట.

విషం మానితే బయటపడ్డ తెగులు

ఈ వైవిధ్యం ఎందుకు పనికొస్తుంది, చూడటానికి అందమా అంటే కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ నాటేముందు మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువును నేలలోకి ఎక్కించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పేవారు. నేలలో పురుగు, బూజు, కలుపు విత్తనం సమస్తం చచ్చేవి. ఆ విషం పొలంలో పనిచేసే కూలీలకు, పక్క ఇళ్లవారికి ముప్పు తెచ్చేది. అదే వాయువు ఆకాశంలోని ఓజోన్ పొరను కూడా తినేస్తున్నదని తేలింది. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సంపన్న దేశాలు 2005 నాటికి దాన్ని మానాలి. కాని ప్రత్యామ్నాయం లేదనే సాకుతో మినహాయింపులు తెచ్చుకుంటూ కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ పొలాల్లో 2016 దాకా వాడారు.

విషం తగ్గేకొద్దీ ఇన్నాళ్లూ దాని చాటున కప్పబడి వున్న ఫ్యుజేరియం ఎండుతెగులు విజృంభించింది. మన కంది రైతులకు, శనగ రైతులకు ఈ ఎండుతెగులు జాతి తెలిసిందే. అప్పుడు జన్యుపటం అక్కరకొచ్చింది. ఆ తెగులును తట్టుకునే ఒక జన్యువును 2018లో గుర్తించారు. 2022లో మరికొన్ని దొరికాయి. ఎక్కడ దొరికాయి? అంగడిలో అమ్ముడుపోవని పక్కన పెట్టేసిన పాత రకాల్లో, అడవి జాతుల్లో! ప్రభుత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు ఆ పాత మొక్కలను పోషించి వుంచకపోతే వెతకటానికేమీ మిగిలేది కాదు. ఏ మొక్క ఎప్పుడు పనికొస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. లాభనష్టాల చిట్టా రాసుకునే కంపెనీ, అమ్ముడుపోని మొక్కకు ఏళ్ల తరబడి నీళ్లు పోస్తుందా? ఆ పని సమాజమే చేయాలి.

ప్రశ్న వేసేదెవరు?

ఇక్కడ అసలు విషయానికి వస్తున్నాం. జన్యుపటం తనంతట తాను ఏమీ చెప్పదు. అడిగిన దానికి జవాబిస్తుంది. అడిగేదెవరు?

వేల మైళ్లు లారీల్లో తరలించే పెద్ద వ్యాపారి అడిగేది గట్టితనం. పండు నలగకూడదు, వారం రోజులు అరలో మెరవాలి. రుచి రెండో మాట. ‘కామరోసా’ అంతగా వ్యాపించటానికి దాని గట్టితనం ఒక ముఖ్య కారణం. రైతు అడిగేది తెగులు తట్టుకునే శక్తి, తక్కువ నీరు, తక్కువ మందు. రోజంతా నడుం వంచి పండ్లు ఏరే కూలీ అడిగేది విషం లేని పొలం, నడుం విరగకుండా కోసుకునే మొక్క. ముగ్గురి ప్రశ్నలకూ జవాబులు ఆ గ్రంథంలో వుండవచ్చు. కాని డబ్బు ఎవరు పెడితే వారి ప్రశ్నే ముందు ప్రయోగశాలకు చేరుతుంది.

కూలీల ప్రశ్న ఎంత దూరాన వుండిపోయిందో ఒక్క ఘటన చాలు. గ్రీసు దేశంలోని నెయా మనోలాదలో స్ట్రాబెర్రీలు కోసే బంగ్లాదేశ్ కూలీలు 2013 ఏప్రిల్‌లో బకాయిపడ్డ కూలి అడిగారు. కాపలాదార్లు తుపాకులు పేల్చారు. దాదాపు 30 మంది గాయపడ్డారు. కూలీలను కాపాడటంలో గ్రీసు ప్రభుత్వం విఫలమైందని యూరపు మానవ హక్కుల కోర్టు 2017లో తీర్పు చెప్పింది. పండులోని ప్రతి అక్షరాన్నీ చదివిన యుగంలోనే ఆ పండు కోసిన మనిషి కూలిడబ్బుకు తూటాలు జవాబయ్యాయి. దీనికి విజ్ఞానాన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. విజ్ఞానం చేరిన చేతులను చూడాలి.

బావి అందరిదే, చేంతాడు మోతుబరిది

స్ట్రాబెర్రీ జన్యుపటాలు చాలామట్టుకు ప్రజాధనంతో తయారయ్యాయి. గులాబీ కుటుంబపు పంటలన్నిటి జన్యు సమాచారాన్ని ఒకచోట పెట్టిన అమెరికా విశ్వవిద్యాలయ భాండాగారం 2003 నుంచి పనిచేస్తున్నది. పైసా చెల్లించకుండా ఎవరైనా చూడవచ్చు. ఇది మంచిదే, స్వాగతించవలసిందే. కాని బావి వూరందరిదీ అయితే సరిపోయిందా? చేంతాడు, బొక్కెన మోతుబరి ఇంట్లో వుంటే ఇతరులు అంచున నిలబడి నీళ్లు చూడవలసిందే. ఆ అక్షరాలను మొక్కగా మార్చేందుకు ప్రయోగశాల కావాలి, పొలం కావాలి, పదేళ్ల ఓపిక కావాలి. అవి వున్నవారు బహిరంగ బావిలో నీళ్లు తోడి, సీసాల్లో పోసి, ముద్ర వేసి అమ్ముతున్నారు.

ముద్ర అంటే పేటెంటు. అమెరికాలో 1930లోనే మొక్కల పేటెంటు చట్టం వచ్చింది. తీగలు, అంట్లతో పెరిగే మొక్కలకు అది వర్తిస్తుంది. స్ట్రాబెర్రీ సరిగ్గా అలాంటిదే. ఒక తల్లిమొక్క తీగలు సాచి డజన్లకొద్దీ పిల్లలను పెడుతుంది. ప్రకృతి ఉచితంగా ఇచ్చే ఆ పిల్లమొక్కను పేటెంటున్న దేశంలో రైతు అనుమతి లేకుండా పెంచుకోరాదు. మొక్కకింత చొప్పున రాయల్టీ కట్టాలి. ‘కామరోసా’ పేటెంటు గడువు తీరిపోయింది గాని, దాని స్థానంలోకి కొత్త రకాలు కొత్త పేటెంట్లతో వస్తూనే వున్నాయి.

విచిత్రమేమంటే అమెరికా రైతులే ఈ విషయంలో ఒకసారి కోర్టుకెక్కారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా నడిపిన స్ట్రాబెర్రీ ప్రజనన కేంద్రం మూతపడుతుందని, అందులోని మొక్కలు ప్రైవేటు చేతుల్లోకి పోతాయని భయపడి, స్ట్రాబెర్రీ సాగుదార్ల కమిషన్ 2013లో ఆ విశ్వవిద్యాలయంపై దావా వేసింది. 2015లో రాజీ కుదిరి కేంద్రం నిలబడింది. ఆ కేంద్రం విడిచి సొంత కంపెనీ పెట్టుకున్న ఇద్దరు ప్రజననకారులకూ విశ్వవిద్యాలయానికీ మధ్య నడిచిన దావాలో 2017లో జ్యూరీ విశ్వవిద్యాలయం పక్షాన తీర్పు చెప్పింది. ఆ కమిషన్‌లోని రైతులు మనలాంటి సన్నకారు రైతులేం కారు. చాలామంది పెద్ద పెట్టుబడిదారీ రైతులు. అలాంటివారికే ప్రజాసంస్థ పోతే బతుకు లేదనిపిస్తే, రెండెకరాల రైతు సంగతి వేరే చెప్పాలా? ఎండుతెగులు జన్యువులను కనిపెట్టింది కూడా రాజీ తర్వాత నిలబడ్డ ఆ కేంద్రమే.

ఒక వాదన, దానికి జవాబు

పేటెంటు లేకపోతే కొత్త రకాలు తయారుచేసేదెవరు, వారికి ప్రతిఫలం వద్దా అని కొందరు మేధావులు అంటారు. ఇంకో మాట కూడా అంటారు. పిల్లమొక్కలను ఏళ్ల తరబడి రైతే తీసుకుంటూ పోతే వైరస్ తెగుళ్లు పేరుకుంటాయి, శుభ్రమైన తల్లిమొక్క కావాలంటే మంచి నర్సరీ కావాలి అని. రెండో మాట నిజం. మొదటి దానిలోనూ కొంత న్యాయం వుంది. ప్రజననకారుడి శ్రమ శ్రమ కాదని మనం అనటం లేదు. పదేళ్లు పొలంలో తిరిగి ఒక రకం తీసినవాడికి గౌరవంగా జీతం, గుర్తింపు ఇవ్వాలి.

కాని శ్రమకే ప్రతిఫలమైతే లెక్క మొదటినుంచీ చూడాలి. పండును పెంచిన మపూచే రైతు శ్రమకెంత? కాయని మొక్కను కాయించిన బ్రిటనీ రైతు అనుభవానికెంత? పన్ను కట్టి ప్రయోగశాల నిలబెట్టిన ప్రజల వాటా ఎంత? చివరి మెట్టు ఎక్కినవాడు మొత్తం మేడ నాదేనంటే ఒప్పుకుంటామా? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవటమంటే ఇదే. ఇక శుభ్రమైన మొక్క కావాలంటే జవాబు పేటెంటు కాదు, ప్రభుత్వ నర్సరీ.

అంతర్జాతీయంగా ఈ లెక్క కొంతవరకు చర్చకు వచ్చింది. 1992 జీవవైవిధ్య ఒడంబడిక ప్రకారం ఒక దేశపు మొక్క తీసుకుంటే ఆ దేశానికి ప్రయోజనంలో పాలు ఇవ్వాలి. కాని ఇప్పుడు మొక్కే అవసరం లేదు. కంప్యూటర్‌లోని అక్షరాలు చాలు. మొక్క సరిహద్దు దాటితే పట్టుకోవచ్చు, అక్షరాలను ఏ సుంకపు గేటు ఆపుతుంది? దీనిపై 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. 2024లో కొలంబియాలోని కాలి నగరంలో ఒక నిధి ఏర్పాటుకు తీర్మానించారు. 2025 ఫిబ్రవరిలో అది మొదలైంది. జన్యు సమాచారంతో లాభపడే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతం గాని, రాబడిలో 0.1 శాతం గాని దానికి చెల్లించాలని, కనీసం సగం సొమ్ము మూలవాసులకు, స్థానిక ప్రజలకు చేరాలని అందులో వుంది. మాట బాగానే వుంది. కాని బలవంతంగా వసూలు చేసే అధికారం ఆ నిధికి లేదు. అమెరికా అసలు ఆ ఒడంబడికలోనే చేరలేదు. ధర్మకర్తల ఇష్టం మీద నడిచే సత్రంలా వుంది వ్యవహారం.

మనం చేయవలసింది

ఈ కథలో మన పాత్ర ఏమిటి? పత్తి రైతుకు ఇది బాగా తెలుసు. బీటీ పత్తి 450 గ్రాముల పాకెట్ 1,600 రూపాయలపైన అమ్మినప్పుడు, అందులో అధికభాగం విత్తనానికి కాదు, లోపలి ఒక జన్యువు రాయల్టీకి పోయేది. రైతు సంఘాలు ఆందోళన చేశాయి. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపార నిరోధక కమిషన్ ముందు కేసు పెట్టింది. ధర 750 రూపాయలకు దిగింది. జన్యువు మారలేదు, కంపెనీ మారలేదు. నిలదీయటం వల్ల ధర మారింది. ఈ అనుభవాన్ని మనం మరచిపోరాదు.

మన చేతిలో ఒక మంచి ఆయుధం కూడా వుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు ముద్ర లేకుండా అమ్ముకోనూవచ్చు. ఆ హక్కు వున్నా 2019లో గుజరాత్ బంగాళాదుంప రైతులపై పెప్సీకో కంపెనీ కోటి రూపాయలపైన నష్టపరిహారం కోరుతూ దావాలు వేసింది. దేశమంతటా నిరసన రేగితే తప్ప వెనక్కి తీసుకోలేదు. సంపన్న దేశాలతో వాణిజ్య ఒప్పందాల చర్చలు జరిగినప్పుడల్లా 1991 నాటి యుపోవ్ నిబంధనల్లో చేరమనే ఒత్తిడి వస్తూనే వుంది. అందులో చేరితే 39వ సెక్షన్ కాగితం మీదే మిగులుతుంది. దీనికి ఏ ప్రభుత్వమూ తలవంచకుండా రైతు సంఘాలు కావలి కాయాలి.

ఇక స్ట్రాబెర్రీ విషయానికే వస్తే, హిమాలయాల్లో మనకూ అడవి స్ట్రాబెర్రీ జాతులున్నాయి. వాటిని సేకరించి, పోషించి, చదవటం మన జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ వంటి సంస్థలు చేయవలసిన పని. వాటికి నిధులు కోసి, ఖాళీలు నింపకుండా, ఆనక పరిశోధన జరగటం లేదని ప్రైవేటుకు అప్పగించటం మనం చాలా చోట్ల చూశాం. అలా జరగరాదు. మహాబలేశ్వర్ రైతుకైనా, లంబసింగి గిరిజన రైతుకైనా వైరస్ లేని తల్లిమొక్కలు ప్రభుత్వ కణవర్ధన కేంద్రాల నుంచి న్యాయమైన ధరకు అందాలి. ప్రజాధనంతో చదివిన జన్యువు మీద ఏ ఒక్కరికీ గుత్తాధికారం ఇవ్వరాదు. ఏ గుణం కోసం పరిశోధన చేయాలో నిర్ణయించే సంఘాల్లో శాస్త్రజ్ఞులతోపాటు చిన్నరైతుల, వ్యవసాయ కార్మికుల ప్రతినిధులు కూర్చోవాలి. అడంగల్ రాసేటప్పుడు రైతును పిలవకపోతే ఏం జరుగుతుందో మనకు తెలుసు. మొక్క అడంగల్ కూడా అంతే.

వరికి, చిరుధాన్యాలకు, కందికి, శనగకు కూడా ఇలాంటి చిట్టాలు ఇప్పటికే తయారై వున్నాయి. మన అమ్మలు, అమ్మమ్మలు బుట్టల్లో బూడిద కలిపి దాచిన విత్తనాల గుణాలు వాటిలో అక్షరాలుగా ఎక్కుతున్నాయి. వాటిని చదవటం ఆపమనటం తెలివితక్కువ. చదువు మనకూ కావాలి. మన పిల్లలు ఆ చదువు నేర్వాలి, మన వ్యవసాయ కళాశాలలు ఆ ప్రయోగశాలలు కట్టుకోవాలి. అప్పుడే చేంతాడు మన చేతికొస్తుంది.

దున్నేవాడికే భూమి అని మన పెద్దలు పోరాడారు. ఆ పని పూర్తికాకముందే దున్నేవాడికే విత్తనం అని కూడా అనవలసిన రోజు వచ్చింది. రెండూ ఒకే నినాదం. భూమి చేతిలో వుండి విత్తనం పరాయిదైతే, రైతు సొంత పొలంలోనే కౌలుదారవుతాడు.